టైటస్‌విల్ మిగిలింది, పిట్‌హోల్ పోయింది

పెన్సిల్వేనియా రాష్ట్రంలో వాయవ్య మూలన ఆయిల్ క్రీక్ అని ఒక వాగు ఉంది. దాని ఒడ్డున టైటస్‌విల్ అనే చిన్న ఊరు. అక్కణ్ణుంచి పదిహేను మైళ్ళ లోపే పిట్‌హోల్ అని ఇంకో ఊరు ఉండేది. 1865లో అక్కడ 15,000 మంది ఉన్నారని చెప్తారు, యాభైకి పైగా హోటళ్ళు, 1,100 సీట్ల నాటకశాల, ఒక దినపత్రిక. ఇవాళ అక్కడ కొండవాలు మీద గడ్డిని బాటలుగా కోసి, ఇది ఫస్ట్ స్ట్రీట్, ఇది హోమ్డెన్ స్ట్రీట్ అని చూపిస్తారు, అంతే. టైటస్‌విల్ మాత్రం ఉంది. ఐదు వేల మంది జనం, పాత ఇటుక బిల్డింగులు, చర్చిలు, పార్కు, అన్నీ ఉన్న మామూలు అమెరికన్ పల్లెటూరి టౌను. రెండు ఊళ్ళకీ ఒకటే చమురు, ఒకటే కాలం, చాలావరకు ఒకటే మనుషులు. మరి ఒకటి నిలబడి ఇంకొకటి ఎందుకు పోయిందన్నదే ఈ పోస్టు.

నాకు దీని మీద ఎందుకింత ఆసక్తి అంటే, మాది కోనసీమ, రాజోలు వైపు. చిన్నప్పటి నుంచి కొబ్బరితోటల మధ్యలో రిగ్గులు, రాత్రిపూట గ్యాస్ మంటల వెలుగు చూస్తూ పెరిగినవాళ్ళం. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు, ఆ చప్పుడు ఆ తరంవాళ్ళు ఎవరూ మర్చిపోలేదు. అందుకని పిట్స్‌బర్గ్ దగ్గరికి వచ్చి స్థిరపడ్డాక, ప్రపంచంలో చమురు వ్యాపారం మొదలైన ఊరు మన ఇంటి నుంచి కారులో రెండు గంటలే అని తెలిస్తే వెళ్ళకుండా ఎలా ఉంటాను. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి, నయాగరా అయ్యాక ఇంకేం చూపించాలో తోచని వాళ్ళకి ఇది పనికొస్తుంది కూడా.

సరే, అసలు కథ. జోనాథన్ టైటస్ అనే ఆయన 1796లో అక్కడికి వచ్చి భూమి చేసుకున్నాడు, ఆయన పేరు మీదే ఊరు. చమురుకి ముందు దాదాపు అరవై ఏళ్ళు అదొక కలప ఊరు. చుట్టూ అడవి, వాగు మీద రంపపు మిల్లులు, కొట్టిన దుంగల్ని నీళ్ళలో కిందికి వదిలేవాళ్ళు. వాగు పేరులోనే ఆయిల్ ఉంది కాబట్టి నూనె సంగతి అందరికీ తెలుసు. నీళ్ళ మీద జిడ్డు తేలేది, అక్కడి ఆదివాసులైన సెనెకా తెగవాళ్ళు దాన్ని ఎప్పటి నుంచో దుప్పట్లతో అద్ది పిండుకుని వాడుకునేవాళ్ళు. పిట్స్‌బర్గ్‌లో సామ్యూల్ కియర్ అనే వ్యాపారికి ఉప్పు బావులుండేవి, ఉప్పునీళ్ళతో పాటు ఈ నూనె కూడా వచ్చి విసిగిస్తుంటే, దాన్నే సీసాల్లో పోసి సర్వరోగ నివారిణి అని అమ్మేశాడు. తాగడానికి! మన సంతల్లో తైలాలు అమ్మేవాళ్ళకి ఏమాత్రం తీసిపోడు.

దీపాలకి అప్పట్లో తిమింగలం నూనె వాడేవాళ్ళు, దాని ధర పైపైకి పోతోంది. జార్జ్ బిస్సెల్ అనే న్యూయార్క్ లాయరు ఈ రాతినూనెని దీపాలకి వాడొచ్చేమో అని ఆలోచించి, యేల్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ బెంజమిన్ సిల్లిమన్ చేత పరీక్ష చేయించాడు. 1855లో రిపోర్టు తయారైంది, కానీ తన ఫీజు 526 డాలర్ల 8 సెంట్లు కట్టేదాకా ప్రొఫెసర్‌గారు దాన్ని చేతికివ్వలేదు. రిపోర్టులో మంచి మాటే ఉంది, ఈ నూనెని బట్టీ పెడితే దీపాలకి శ్రేష్ఠమైన నూనె వస్తుంది అని. ఇక పెట్టుబడిదారులు కలిశారు, న్యూ హేవెన్ బ్యాంకరు టౌన్‌సెండ్ ముందుకొచ్చాడు, పని చూసుకోడానికి ఎడ్విన్ డ్రేక్ అనే మాజీ రైల్వే కండక్టర్‌ని పంపారు. ఆయన్నే ఎందుకు పంపారంటే, ఆరోగ్యం బాగోక ఉద్యోగం మానేశాడు, ఖాళీగా ఉన్నాడు, రైల్వే పాస్ ఉంది కాబట్టి ఛార్జీలు కలిసొస్తాయి. భూగర్భశాస్త్రం చదివినవాడు కాదు, ఇంజనీరు కాదు. పల్లెటూరివాళ్ళు లెక్కచెయ్యరేమో అని టౌన్‌సెండ్ ముందుగానే "కల్నల్ ఇ.ఎల్. డ్రేక్" అని చిరునామా రాసి ఉత్తరాలు పంపాడు. ఆయన సైన్యంలో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు, కానీ ఆ పేరు చచ్చేదాకా అలాగే ఉండిపోయింది.

డ్రేక్ 1858లో కుటుంబంతో వచ్చి దిగాడు. తవ్వించాడు, నీళ్ళొచ్చి కూలిపోయింది. బోరు వేయిద్దామంటే ఉప్పు బావులు తవ్వేవాళ్ళు తప్ప ఆ పని తెలిసినవాళ్ళు లేరు, వాళ్ళేమో నూనె కోసం బోరేంటి, ఈయనకి పిచ్చి అని రావడం మానేసేవాళ్ళు. చివరికి టారెంటమ్ నుంచి విలియం స్మిత్ అనే కమ్మరి, ఉప్పు బావుల పని చేసినవాడు, కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరంతా ఆయన్ని అంకుల్ బిల్లీ అనేవాళ్ళు. వాగు పక్క ఇసుక నేల కదా, ఎంత తవ్వినా గోడలు లోపలికి జారిపోయేవి. అప్పుడు డ్రేక్ చేసిన ఒకే ఒక్క గొప్ప పని, ఇనప పైపుని ముక్కలు ముక్కలుగా 32 అడుగుల దాకా, రాయి తగిలేదాకా కొట్టి దింపి, ఆ పైపు లోపలి నుంచి బోరు వెయ్యడం. మన ఊళ్ళలో బోరు వేసే ప్రతివాడూ కేసింగ్ పైపు దింపుతాడు కదా, అదే. దానికి పేటెంట్ తీసుకోలేదు మహానుభావుడు. రాతిలో రోజుకి మూడడుగులు దిగేది. 1859 ఆగస్టు 27, శనివారం, 69 అడుగులన్నర దగ్గర పని ఆపి ఇళ్ళకి పోయారు. ఆదివారం స్మిత్ వచ్చి చూస్తే పైపులో నూనె తేలుతోంది.

అక్కడి డ్రేక్ వెల్ మ్యూజియంలో ఇది చదివి నాన్న, "ఒరేయ్, 69 అడుగులకే పడిందా? మనవైపు కిలోమీటర్లకి కిలోమీటర్లు దింపుతారు కదరా" అన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఏ బోర్డు మీదా లేదు. "మరి భూమిగలాయనకి ఏం వచ్చింది?"

దాని సంగతి కిందికి వద్దాం. ముందు ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే డ్రేక్ కథ చెప్పే వాళ్ళంతా దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. 1859 ఎండాకాలానికి కంపెనీ దగ్గర డబ్బు అయిపోయింది. వాటాదార్లు చేతులెత్తేశారు, టౌన్‌సెండ్ ఒక్కడే సొంత డబ్బు పంపుతున్నాడు, చివరికి ఆయన కూడా బాకీలు తీర్చేసి మూసెయ్యమని ఉత్తరం రాశాడు, అది చేరేలోపే నూనె పడింది అంటారు. ఈలోపు పని ఆగకుండా నడిపిందెవరు? డ్రేక్ 500 డాలర్లు అప్పు తీసుకుంటే దానికి హామీ సంతకాలు పెట్టినవాళ్ళు టైటస్‌విల్‌లో కొట్టు పెట్టుకున్న ఫ్లెచర్, మందుల షాపు నడిపే పీటర్ విల్సన్. నవ్వే ఊరు నవ్వుతూనే ఉంది, ఈ ఇద్దరు మాత్రం సంతకం పెట్టారు. ఎవరో పైనుంచి వచ్చిన మనిషికి, ఏడాది పైచిలుకు పరిచయానికి, బ్యాంకులో హామీ ఉండాలంటే అక్కడ కొట్లూ ఇళ్ళూ పరువూ ఉన్న ఊరొకటి ముందే ఉండాలి. నా లెక్కలో టైటస్‌విల్ చరిత్రలో అసలు ముఖ్యమైనది ఇదే.

ఇక నూనె పడ్డాక జరిగింది చెప్పాలంటే పుస్తకం అవుతుంది. వాగు పొడవునా పొలాలన్నీ కౌలుకి పోయాయి. మొదట్లో పీపా 20 డాలర్ల దాకా పలికింది, రెండేళ్ళు తిరక్కుండానే, 1861 ఆఖరుకి, 10 సెంట్లకి పడిపోయింది. పీపా కొయ్యకే అంతకంటే ఎక్కువ ధర. ఎందుకలా పడిపోయిందంటే అక్కడి చట్టం ప్రకారం నీ బోరులోంచి పైకొచ్చిన నూనె నీది, అది పక్కవాడి నేల కింద నుంచి వచ్చినా సరే. కాబట్టి పక్కవాడు లాగేలోపు నువ్వే లాగెయ్యాలి. అప్పటి ఫోటోలు మ్యూజియంలో ఉన్నాయి, కొండ మీద చెట్టన్నది లేదు, డెరిక్కులు (బోరు మీద నిలబెట్టే చెక్క గోపురాలు) ఒకదాని మీద ఒకటి పడేంత దగ్గరగా, కింద నల్లటి బురద. ప్రమాదాలు సరేసరి. 1861 ఏప్రిల్ 17న హెన్రీ రౌస్ అనే ఆయన బావిలో నూనె ఒక్కసారిగా ఎగజిమ్మి అంటుకుంది, 19 మంది చనిపోయారు. ఒళ్ళంతా కాలిన రౌస్ ప్రాణం పోయేలోపు వీలునామా చెప్పి రాయించాడు, ఆస్తిలో ఎక్కువ భాగం వారెన్ కౌంటీలో రోడ్లకి, పేదవాళ్ళకి. ఆ డబ్బు పేరు మీద నడిచే సంస్థ ఇప్పటికీ ఉంది. 2014 జూన్ 27న మా పక్కనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయిన సంగతి తెలిసిన నాన్న ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు, నేనేం మాట్లాడలేదు.

భూమిగలాయన ప్రశ్నకి వస్తే, అమెరికాలో నేల కింద ఉన్నది కూడా నేల యజమానిదే. మన దేశంలో కింద ఉన్న చమురూ గ్యాసూ ప్రభుత్వానివి, రైతుకి పైన పోయిన పంటకీ స్థలానికీ పరిహారం తప్ప వాటా ఉండదు. ఇక్కడ అలా కాదు, తీసిన నూనెలో ఎనిమిదో వంతు, కొన్నిచోట్ల సగం దాకా కూడా రైతుకి వచ్చింది. రాళ్ళ పొలాల్లో గడ్డి కూడా సరిగా పండని కుటుంబాలు ఏడాదిలో కోటీశ్వరులయ్యారు. జాన్ స్టీల్ అని ఒక కుర్రాడు, మెక్‌క్లింటక్ అనే విధవరాలు పెంచుకున్న కొడుకు. 1864లో ఆవిడ పొయ్యి రాజేస్తూ నూనె పోసి కాలి చనిపోతే ఆస్తంతా ఇతనికొచ్చింది. ఫిలడెల్ఫియా వెళ్ళి ఎడాపెడా ఖర్చుపెట్టి, కోల్ ఆయిల్ జానీ అని దేశమంతా పేరు తెచ్చుకుని, కొద్దికాలంలోనే దివాలా తీసి, తర్వాత నెబ్రాస్కాలో రైల్వే స్టేషన్‌లో ఉద్యోగం చేసుకున్నాడు. నాన్నకి మ్యూజియం మొత్తంలో బాగా నచ్చిన కథ ఇదే. మా పక్క ఊళ్ళో రొయ్యల చెరువులతో వచ్చి పోయిన డబ్బుల కథలు దారంతా వరసపెట్టి చెప్పారు.

ఇప్పుడు పిట్‌హోల్. 1865 జనవరి 7న హోమ్డెన్ అనే రైతు పొలంలో ఫ్రేజియర్ బావి పడింది. ఆ బావికి చోటు ఎలా ఎంచారో తెలుసా? విచ్ హేజెల్ అనే చెట్టు కొమ్మ పట్టుకుని నడిచి, అది వంగిన చోట. అమెరికా అంతర్యుద్ధం ఏప్రిల్‌లో ముగిసింది, సైన్యం నుంచి వచ్చిన కుర్రాళ్ళు జీతం డబ్బులతో, పనిలేకుండా ఉన్నారు. మే నెలలో పొలాన్ని వీధులుగా గీసి 500 ప్లాట్లు వేశారు. సెప్టెంబరుకి 15,000 మంది. అక్కడి పోస్టాఫీసు ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ తర్వాత రాష్ట్రంలో మూడోదిగా నడిచిందని చెప్తారు, రోజుకి వేల ఉత్తరాలు, ఊరంతా పరాయివాళ్ళే కదా మరి. డ్రైనేజీ లేదు, మంచినీళ్ళు కొనుక్కోవాలి, వీధుల్లో గుర్రం మోకాలి దాకా బురద, ఆ కంపు గురించి రాయని ప్రయాణికుడు లేడు.

ఇక్కడే అసలు తేడా. పిట్‌హోల్ ప్లాట్లు అమ్మినవి కావు, కౌలుకి ఇచ్చినవి, మూడేళ్ళ కౌలు. గడువు అయ్యాక పొడిగించుకోవచ్చు, లేదంటే కట్టుకున్న కొయ్య బిల్డింగు ఊడదీసుకుని పోవచ్చు. అంటే ఊరు కట్టినప్పుడే, మేస్త్రీ మొదటి మేకు కొట్టినప్పుడే, దాన్ని విప్పడం ఎలాగో కాగితం మీద రాసిపెట్టుకున్నారు. అలాంటి చోట పక్కా ఇల్లు ఎవడు కడతాడు? బావి ఎవడు తవ్విస్తాడు, కాలవ ఎవడు వేయిస్తాడు? మూడంతస్తుల హోటళ్ళు కూడా పైన్ చెక్కలతో నెలల్లో లేపేసినవే. కౌలు రైతు కొబ్బరిమొక్క నాటడని మా తాత అనేవారు, ఐదారేళ్ళకి కాపుకొచ్చేది ఎవడికోసం అని.

పిట్‌హోల్‌ని ముంచింది నూనె ఎండిపోవడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఆ నూనె వల్ల పుట్టిన ఒక కొత్త వస్తువు కూడా ఉంది. పీపాల్ని రైలు దాకా మోసేది గుర్రబ్బళ్ళవాళ్ళు. దారి బురద, గుర్రాలు నూనె బురదలో పడి ఒంటి మీద వెంట్రుకలు ఊడిపోయి చచ్చేవట, పీపాకి 3 డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే గుంజేవాళ్ళు. బావి దగ్గర నూనె ధరకంటే బండి కిరాయి ఎక్కువైన రోజులున్నాయి. వాళ్ళని కాదని ఏమీ చెయ్యలేని పరిస్థితి. 1865 అక్టోబరులో శామ్యూల్ వాన్ సైకెల్ అనే ఆయన పిట్‌హోల్ నుంచి మిల్లర్ ఫామ్ రైల్వే స్టేషన్ దాకా, ఐదు మైళ్ళకి పైగా, రెండంగుళాల ఇనప పైపు వేశాడు. దారిలో ఆవిరి పంపులు పెట్టి గంటకి 80 పీపాలు తోశాడు, పీపాకి డాలరు. అందరూ నవ్వారు, హోటల్‌కి భోజనానికి వెళ్తే తనని చూసి జనం ఎకసెక్కాలాడేంత నవ్వారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడంటారు. పైపు పనిచెయ్యగానే నవ్వు ఆగిపోయి గొడ్డళ్ళు లేచాయి. బండివాళ్ళు రాత్రిళ్ళు వచ్చి పైపులు ఊడబీకేవాళ్ళు, వాన్ సైకెల్ తుపాకులవాళ్ళని కాపలా పెట్టాడు. బండివాళ్ళని విలన్లుగా రాస్తారు గానీ, నాకు వాళ్ళ మీద కొంచెం జాలే. వేలమంది, వాళ్ళ గుర్రాలు, వాటి మేత అమ్మేవాళ్ళు, లాడాలు కొట్టేవాళ్ళు, వాళ్ళు బసచేసే హోటళ్ళు, తాగే సెలూన్లు, పిట్‌హోల్‌లో చాలామంది జనం వీళ్ళే కదా. పైపు పడ్డాక వాళ్ళకి అక్కడ పనేముంది? ఊళ్ళో అప్పుడింకా నూనె రోజుకి వేల పీపాలు వస్తూనే ఉంది, జనం మాత్రం పలచబడటం మొదలైంది.

తర్వాత బావులు తగ్గాయి. 1866 మార్చిలో ఆ ప్రాంతంలో బోలెడన్ని బ్యాంకులు నడిపిన కల్వర్ అనే కాంగ్రెస్ సభ్యుడి సంస్థ కుప్పకూలింది, వాన్ సైకెల్ కూడా అదే దెబ్బకి పైపులైను పోగొట్టుకున్నాడు. అదే ఏడాది వరసగా అగ్నిప్రమాదాలు. చెక్క ఊరు, నూనె తడిసిన నేల, ఇంక చెప్పేదేముంది. కాలిపోయినవి ఎవరూ తిరిగి కట్టలేదు. డిసెంబరుకి 2,000 మంది మిగిలారు, 1870 జనాభా లెక్కల నాటికి 300 కూడా లేరు. కౌలు కాగితంలో రాసుకున్నట్టే బిల్డింగులు విప్పుకుని, బళ్ళ మీద వేసుకుని, కొత్తగా నూనె పడిన ప్లెజెంట్‌విల్‌కీ ఇంకో చోటికీ పట్టుకుపోయారు. 1877లో ఊరి హోదా రద్దయింది. 1879లో మిగిలిన స్థలాన్ని కౌంటీ 4 డాలర్ల 37 సెంట్లకి కొంది.

ఇక్కడొక మనిషిని పరిచయం చెయ్యాలి. ఫ్రాంక్లిన్ టార్బెల్, నూనె నిలవ చెయ్యడానికి కొయ్య ట్యాంకులు చేసేవాడు. పిట్‌హోల్‌లో బాగా సంపాదించాడు, కానీ కాపురం దగ్గర్లోని రౌస్‌విల్ అనే ఊళ్ళో పెట్టాడు, రోజూ గుర్రం మీద వచ్చి వెళ్ళేవాడు. పిట్‌హోల్ పడిపోయాక అక్కడి బోంటా హౌస్ అనే పెద్ద హోటల్‌ని 600 డాలర్లకి కొన్నాడు. దాన్ని కట్టడానికి 60,000 డాలర్లు అయిందని చెప్తారు. దాని తలుపులూ కిటికీలూ ఇనప బ్రాకెట్లూ చెక్కా అంతా విప్పి, టైటస్‌విల్ తీసుకెళ్ళి, మెయిన్ స్ట్రీట్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాడు. 1870లో. ఆ ఇల్లు ఇవాళ్టికీ ఉంది, బాగుచేసి పెట్టారు, బయట నుంచి చూసి వచ్చాం. పొడుగాటి కిటికీలు, పైన చిన్న గోపురం, ఇంటి కంటే హోటలు పోలికే ఎక్కువ. పిట్‌హోల్‌లో మూడేళ్ళు కూడా సరిగా నిలవని చెక్క టైటస్‌విల్‌లో 150 ఏళ్ళు దాటి నిలబడింది.

ఆ ఇంట్లో పెరిగిన పెద్దమ్మాయే ఐడా టార్బెల్. 1872లో ఐడాకి 14 ఏళ్ళు. రైల్వేలూ, క్లీవ్‌లాండ్‌లో రాక్‌ఫెల్లర్ అనే వ్యాపారి నడిపే స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, ఇంకొంతమంది రిఫైనరీలవాళ్ళూ రహస్యంగా కలిసి, తమ నూనెకి కిరాయిలో వాపసు ఇప్పించుకుని, పోటీవాళ్ళ పీపాల మీద కట్టిన కిరాయిలో కూడా తమకే వాటా వచ్చేట్టు ఒప్పందం చేసుకున్నారు. పోటీవాడి కిరాయిలో వాటా! ఆ సంగతి బయటపడగానే టైటస్‌విల్ ఆపెరా హౌస్‌లో మూడు వేల మంది చేరారు, ఊరేగింపులు, తీర్మానాలు, ఆ కంపెనీలకి నూనె అమ్మేది లేదని కట్టుబాటు. నెలరోజులు తిరక్కుండా ఆ ఒప్పందం రద్దయింది. గెలిచాం అనుకున్నారు. కానీ రాక్‌ఫెల్లర్ ఊరుకునే మనిషి కాదు, ఒక్కొక్క రిఫైనరీనీ కొంటూ పోయాడు, టైటస్‌విల్ తరఫున గట్టిగా అరిచిన జాన్ ఆర్చ్‌బోల్డ్ అనే కుర్రాడే తర్వాత ఆయన కంపెనీలో చేరి పెద్ద అధికారి అయ్యాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1902 నవంబరు నుంచి, ఐడా టార్బెల్ మెక్‌క్లూర్స్ పత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్రని నెలనెలా రాసింది, కోర్టు కాగితాలూ సాక్ష్యాలూ ముందు పెట్టుకుని. 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని 34 ముక్కలు చేసింది. ఇదంతా ఆమె పత్రికా ప్రతిభే అంటారు, నిజమే, కానీ ఒక ఊళ్ళో ఏళ్ళ తరబడి కాపురముండి, పొరుగింటివాడు ఎలా అమ్ముకున్నాడో, ఎవడు ఎవడితో మాట్లాడటం మానేశాడో కళ్ళారా చూసిన పిల్ల రాసిన రాత అది. పిట్‌హోల్‌లో పిల్లలు పెరిగేంత కాలమే లేదు.

టైటస్‌విల్ కూడా సుఖంగా ఏం లేదు. 1892 జూన్ 5న వాగు పొంగి రిఫైనరీ ట్యాంకులు పగిలి, నీళ్ళ మీద తేలిన నూనె అంటుకుంది. వరద మీద మంటలు. టైటస్‌విల్, కింద ఉన్న ఆయిల్ సిటీ కలిపి వందమందికి పైగా చనిపోయారు. పెన్సిల్వేనియా చమురు 1891లో శిఖరానికి చేరి దిగడం మొదలైంది, 1901లో టెక్సాస్‌లో స్పిండిల్‌టాప్ బావి పడ్డాక ఇటువైపు చూసేవాళ్ళే లేరు. అయినా ఈ ఊరు మళ్ళీ కట్టుకుంది. బోర్లకి కావలసిన ఇంజన్లు, బాయిలర్లు చేసిన కార్ఖానాలు ఉన్నాయి కాబట్టి ఇనుము, ఉక్కు పని మీద చాలాకాలం బతికింది. ఇప్పుడు అదీ పలచబడింది. 1880లో తొమ్మిది వేల దాకా ఉన్న జనం ఐదు వేలకి దిగారు, కుర్రాళ్ళు ఎరీకో పిట్స్‌బర్గ్‌కో పోతున్నారు. ఆయిల్ సిటీలో పుట్టిన క్వేకర్ స్టేట్ అనే ఇంజనాయిల్ కంపెనీ కూడా 1995లో టెక్సాస్‌కి మకాం మార్చేసింది. టైటస్‌విల్‌ని పెద్ద విజయగాథగా చెప్పడానికి నాకు నోరు రాదు. ఉంది, అంతే. ఉండటం కూడా తక్కువ పనేం కాదు, పక్క ఊరిని చూస్తే.

డ్రేక్ ఏమయ్యాడంటే, కంపెనీ ఆయన్ని తొందరగానే వదిలించుకుంది. 1863లో ఉన్న డబ్బుతో న్యూయార్క్ వెళ్ళి స్పెక్యులేషన్‌లో పోగొట్టుకున్నాడు. జబ్బుపడి, తిండికి కూడా కటకటగా ఉన్నాడని తెలిసి టైటస్‌విల్‌వాళ్ళు చందాలు వేసి పంపారు, 1873లో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 1,500 డాలర్ల పింఛను ఇచ్చింది, 1880లో పోయాడు. తర్వాత శవపేటికని తెచ్చి టైటస్‌విల్ శ్మశానంలో పెద్ద స్మారకం కింద పెట్టారు. మధ్యలో సుత్తి ఎత్తి బోరు కొడుతున్న మనిషి కంచు విగ్రహం. దాని ఖర్చు పేరు చెప్పకుండా భరించినవాడు హెన్రీ రోజర్స్, స్టాండర్డ్ ఆయిల్ పెద్దల్లో ఒకడు. ఈ మాట చెప్తే నాన్న నవ్వాపుకోలేకపోయారు. "ఊరిని మింగినవాడే విగ్రహం పెట్టించాడా! ఎక్కడైనా ఇంతేరా."

మీరు వెళ్ళేట్టయితే ఒక పూట చాలదు, రోజంతా పెట్టుకోండి. డ్రేక్ వెల్ మ్యూజియం టైటస్‌విల్ పొలిమేరలోనే, అసలు బావి చోటనే కట్టిన నమూనా షెడ్డు, లోపల ఆవిరి ఇంజను ఉన్నాయి. ఆయిల్ క్రీక్ పక్కన పాత రైలు దారిని సైకిల్ బాటగా మార్చారు, పిల్లలుంటే అది తొక్కించండి, ఒకప్పుడు ఒక్క చెట్టు లేని కొండలు ఇప్పుడు దట్టమైన అడవి, నమ్మబుద్ధి కాదు. కానీ బాట దిగి పొదల్లోకి వెళ్ళకండి, పాడుబడ్డ బోరు గుంటలు, తుప్పు పైపులు ఉంటాయి. పెన్సిల్వేనియా మొత్తం మీద ఇలా ఎవరూ మూయకుండా వదిలేసిన బావులు లక్షల్లో ఉంటాయని అంచనా, వాటిల్లోంచి ఇంకా గ్యాస్ కారుతోంది, మూయించే ఖర్చు ఇప్పుడు జనం పన్నుల మీద పడింది. రౌస్‌విల్ దగ్గర మెక్‌క్లింటక్ నంబర్ వన్ బావి కూడా చూడండి, 1861 నుంచి ఆగకుండా నూనె ఇస్తున్న బావి అని బోర్డు ఉంటుంది. పిట్‌హోల్‌లో విజిటర్ సెంటర్ ఎండాకాలంలో కొన్ని రోజులే తీస్తారు, వెళ్ళేముందు ఫోన్ చేసుకోవడం మంచిది. వాలు బాగా ఎక్కువ, పెద్దవాళ్ళుంటే పైనే కారాపుకోండి. తినడానికి అక్కడేం దొరకదు, మేం పులిహోర కట్టుకెళ్ళాం కాబట్టి సరిపోయింది.